విశ్వపౌరసత్వానికి తొలి పాఠం పొలిమేరలోనే

2020 ఏప్రిల్ చివరి రోజులు. కరోనా కట్టడి కోసం దేశమంతటా లాక్‌డౌన్ అమలులో ఉన్న సమయం. తమిళనాడులోని వేలూరు జిల్లా యంత్రాంగం ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాకు వెళ్లే రెండు దారులకు అడ్డంగా సిమెంటు ఇటుకలతో గోడలు కట్టించింది. అవి పోలీసులు తాత్కాలికంగా నిలిపే ఇనుప అడ్డుకట్టలు కావు. మేస్త్రీ తాపీ పట్టి కట్టిన గోడలు. పత్రికల్లో ఫోటోలు వచ్చి విమర్శలు చెలరేగిన తరువాత వాటిని తొలగించారు. చిత్తూరు పల్లెల్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా ముందుగా గుర్తుకు వచ్చేది వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి. పెళ్లి సంబంధాలు, పాల వ్యాపారం, కూరగాయల బండ్లు, కూలి పనులు అన్నీ ఆ దారుల మీదనే సాగుతాయి. అటువంటి దారికి అడ్డంగా గోడ లేవడం ఆ ప్రాంతపు పెద్దలు సైతం అంతకు ముందు ఎరుగని దృశ్యం.

మరుసటి ఏడాది, 2021 మే నెలలో, ఇటువంటి దృశ్యమే మరొక సరిహద్దులో కనిపించింది. కర్నూలు వైపు నుంచి హైదరాబాదు ఆసుపత్రులకు కరోనా రోగులతో బయలుదేరిన అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులోని పుల్లూరు వద్ద పోలీసులు నిలిపివేశారు. రెండు వైపులా మాట్లాడే భాష తెలుగే అయినా ఆపద సమయంలో ఆ భాష దారి ఇప్పించలేకపోయింది. చివరకు తెలంగాణ హైకోర్టు కలుగజేసుకొని, ఆ ఆంక్షలకు ఆధారమైన ఉత్తర్వును నిలుపుదల చేయవలసి వచ్చింది.

అధికారుల భయం అబద్ధం కాదు. ఆసుపత్రుల్లో పడకలు చాలని రోజులవి, ప్రాణవాయువు దొరకని రోజులవి. అయితే ఆ గోడ వ్యాధిని ఆపలేదు. సరిహద్దు పల్లె పిల్లవాడికి మాత్రం అది ఒక పాఠం చెప్పింది. ఆపద వచ్చినప్పుడు పక్కవాడు మనవాడు కాడు అన్నదే ఆ పాఠం. ఏ పుస్తకంలోనూ లేని ఈ పాఠాన్ని పిల్లవాడు కళ్లారా చూసి నేర్చుకున్నాడు. గోడ కట్టిన 2020లోనే జూలై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యావిధానం, ప్రతి విద్యార్థినీ విశ్వపౌరుడిగా తీర్చిదిద్దాలని ప్రకటించింది. గోడ కట్టిన ఏప్రిల్‌కూ, ఆ ప్రకటన వెలువడిన జూలైకీ నడుమ ఉన్న దూరమే నేటి విద్య ఎదుర్కొంటున్న అసలు ప్రశ్న.

మాట ఎక్కడిది?

విశ్వపౌరసత్వ విద్య అన్న మాట విద్యావిధానాల్లోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. 2012 సెప్టెంబరులో అప్పటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బాన్ కీ మూన్ విద్య కోసం ఒక అంతర్జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించారు. ప్రతి బిడ్డనూ బడిలో చేర్పించడం, చదువు నాణ్యతను పెంచడం, విశ్వపౌరసత్వాన్ని పెంపొందించడం దాని మూడు లక్ష్యాలు. 2015లో సభ్యదేశాలన్నీ అంగీకరించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో నాలుగవదైన విద్యాలక్ష్యం కింద కూడా ఈ అంశాన్ని చేర్చారు. భారతదేశ విద్యావిధానం 2020లో దీనిని అందిపుచ్చుకున్నది.

మాట కొత్తదైనా భావం కొత్తది కాదు. దానికి సరిహద్దు తెలుగువారితో దగ్గరి సంబంధమే ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో యునెస్కో ఏర్పడినప్పుడు, యుద్ధానికి బీజం మనుషుల మనసుల్లో పడుతుంది కనుక శాంతికి రక్షణ కూడా అక్కడే నిర్మించాలన్న ఆలోచన దానికి పునాది అయింది. ఆ సంస్థకు తొలి సంవత్సరాల్లో వెళ్లిన భారత ప్రతినిధి బృందానికి నాయకత్వం వహించి, 1948-49లో దాని కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడిగా ఉన్నవారు డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. తిరుత్తణి ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి, తిరుత్తణిలో, తిరుపతిలో, వేలూరులో, ఆపై మద్రాసులో ఆయన చదువుకున్నారు. ఆనాడు ఆ ఊళ్ల నడుమ రాష్ట్ర సరిహద్దు లేదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఏటా సెప్టెంబరు 5న ఆయన పటానికి పూలమాల వేసే పాఠశాలలు ఈ సంగతిని పిల్లలకు చెబుతున్నాయా? 2020లో గోడ లేచింది ఆయన చదువుకున్న ప్రాంతంలోనే.

బడిలో జరుగుతున్నది

ప్రస్తుతం చాలా పాఠశాలల్లో విశ్వపౌరసత్వం ఒక పండుగగా మిగిలింది. అక్టోబరు 24న ఐక్యరాజ్యసమితి దినోత్సవం, జూన్ 5న పర్యావరణ దినోత్సవం జరుపుతారు. పిల్లలు నానా దేశాల వేషాలు వేస్తారు, జెండాలు గీస్తారు, భూగోళాన్ని చేతులతో మోస్తున్న బొమ్మకు రంగులు వేస్తారు. మరునాడు బడి వెనుక కాలువలో ఎప్పటిలాగే ప్లాస్టిక్ సంచులు తేలుతూ ఉంటాయి. ఇటుక బట్టీలో పనికి వచ్చిన ఒడియా కుటుంబపు పిల్లవాడు బడి గోడ అవతలే నిలబడి ఉంటాడు. పరీక్షలో విశ్వశాంతి మీద వ్యాసం వ్రాసి పదికి తొమ్మిది మార్కులు తెచ్చుకున్న బాలుడు ఆ ఒడియా పిల్లవాడి పేరు ఎరుగడు.

ఇందులో తప్పు పిల్లలది కాదు. ప్రపంచం అంటే ఎక్కడో దూరాన ఉన్నదని వారికి అలవాటు చేసినది పెద్దలే. పెద్దలు చెప్పే సామెత మాత్రం ఇంట గెలిచి రచ్చ గెలవమంటుంది. పక్క ఊరి మనిషి పట్ల లేని కరుణ పది వేల మైళ్ల దూరాన ఉన్న మనిషి పట్ల కలుగుతుందని అనుకోవడం భ్రమ. పక్క ఊరితో మెలగడం తెలిసిన పిల్లవాడికి ప్రపంచంతో మెలగడం కష్టం కాబోదు.

యునెస్కో 2015లో ప్రచురించిన మార్గదర్శకాలు ఈ విద్యను మూడు భాగాలుగా చూశాయి. ఒకటి, లోకంలోని పరస్పర సంబంధాలను తెలుసుకోవడం. రెండు, తనకంటె భిన్నమైన వారితో మనసు కలపడం. మూడు, తెలిసిన దానికీ కలిగిన భావానికీ తగినట్లు బాధ్యతగా నడచుకోవడం. ఈ మూడింటికీ పాఠాలు సరిహద్దు జిల్లాల్లోనే దొరుకుతాయి.

తెలుసుకోవడం: తుంగభద్ర పంతొమ్మిదవ గేటు

2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు వరదలో కొట్టుకుపోయింది. జలాశయం నిండుగా ఉన్న సమయమది. ఆ నీటిని నమ్ముకొని ఒకవైపు కర్ణాటకలోని కొప్పళ, బళ్లారి, విజయనగర, రాయచూరు జిల్లాల రైతులు, మరొకవైపు ఆంధ్రప్రదేశ్‌లోని అనంతపురం, కర్నూలు ప్రాంతాల రైతులు, దిగువన రాజోలిబండ మళ్లింపు పథకం కింద తెలంగాణ రైతులు ఉన్నారు. ఆనకట్టకు ఉన్న గేట్లు 33. తెగినది ఒక్క గేటే అయినా మూడు రాష్ట్రాల పొలాల్లో ఆందోళన నిండింది. మిగిలిన గేట్లు కూడా ఎత్తి, ఎంతో నీటిని కిందికి వదిలి, ఒత్తిడి తగ్గించిన తరువాత, ప్రవాహానికి అడ్డంగా ఇనుప పలకలు దించారు. వారం రోజుల్లో ఆ పని పూర్తయింది. గేట్ల నిర్మాణంలో దీర్ఘకాల అనుభవం గల నిపుణుడు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ఇంజనీర్లు, కార్మికులు కలిసి పని చేశారు. ఆ వారం రోజులూ గేటు దగ్గర నిలిచిన కార్మికుడు ఏ రాష్ట్రం వాడని ఏ రైతూ అడిగి ఉండడు.

ఈ ఒక్క సంఘటనలో తరగతి గదికి ఎన్ని పాఠాలున్నాయో గమనించాలి. మొదట నిర్మించినప్పుడు ఈ జలాశయం సామర్థ్యం 133 టీఎంసీలు. పూడిక చేరడం వల్ల అది ఇప్పుడు సుమారు 105 టీఎంసీలకు తగ్గింది. ఆ మట్టి ఎక్కడ నుంచి వచ్చింది? ఎగువన కొండవాలుల్లో, పొలాల్లో కోతకు గురైన మట్టే అది. ఎగువ రైతు గట్టు వేయకపోతే, ఎగువ అడవి పలచబడితే, ఆ నష్టం కొన్నేళ్ల తరువాత దిగువ రైతు కాలువలో కనబడుతుంది. పిల్లవాడు ఈ లెక్కను ఒకసారి అర్థం చేసుకుంటే, ఒక దేశం పొగ మరొక దేశపు వాన మీద ప్రభావం చూపుతుందన్న వాతావరణ మార్పుల పాఠం అతనికి వింతగా తోచదు. తుంగభద్రకు వర్తించే సూత్రం సముద్రాలకూ వర్తిస్తుంది.

కాని పాఠ్యపుస్తకంలోని పటం రాష్ట్రపు గీత దగ్గర ఆగిపోతుంది. కర్ణాటక పుస్తకంలోని నది ఆంధ్ర సరిహద్దు దాటగానే తెల్ల కాగితంలో కలిసిపోతుంది. ఆంధ్ర పుస్తకంలో అదే నది తెల్ల కాగితంలో నుంచి పుట్టుకొస్తుంది. ఆ విధంగా చదివిన పిల్లలే రేపు పెద్దవారై, నీరు తక్కువైన ఏడాది పై వారు దోచుకున్నారనీ, కింది వారు అన్యాయంగా అడుగుతున్నారనీ ఒకరినొకరు నిందించుకుంటారు. వాటాల వివాదాలు ట్రిబ్యునళ్లు తేల్చవచ్చు. అవతలి రైతు కూడా రైతేనన్న ఎరుక మాత్రం బడిలోనే కలగాలి.

మనసు కలపడం: పర్లాకిమిడి పంతులు

రెండవ భాగం భాషతో ముడిపడి ఉంది. గిడుగు వేంకట రామమూర్తి పేరు వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తెలుగువారందరికీ తెలుసు. ఆయన పుట్టిన ఆగస్టు 29 నేడు తెలుగు భాషా దినోత్సవం. అయితే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన చేసిన మరొక పనిని ఈ తరం పిల్లలు అంతగా ఎరుగరు. చుట్టుపక్కల కొండల్లో నివసించే సవరల మాట పట్టణంలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. నేర్చుకోవడానికి పుస్తకాలు లేని ఆ భాషను ఆయన సవరల దగ్గరే కూర్చుని నేర్చుకున్నారు. వారి పిల్లల కోసం వాచకాలు తయారు చేశారు, బడులు పెట్టించారు, పాటలు, కథలు సేకరించారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం ఆంగ్లంలో వెలువడింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అందులో చేరింది.

ఆ ఉపాధ్యాయుడికి సవర భాష నేర్వమని ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. మాట అర్థం కాని మనిషిని మోసగించడం తేలిక, చిన్నచూపు చూడడం తేలిక అని ఆయన గ్రహించారు. తన భాష కోసం పోరాడిన మనిషే పొరుగువారి భాషకూ సేవ చేయడం సరిహద్దు తెలుగువారికి దక్కిన గొప్ప ఆదర్శం. తన భాష మీది ప్రేమ పరభాష మీది ద్వేషంగా మారనక్కరలేదని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇక్కడే ప్రభుత్వాల బాధ్యత కూడా వస్తుంది. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించేందుకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో, రాష్ట్రాల పునర్విభజన జరిగిన ఏడాదే, ఏడవ సవరణ ద్వారా దీనిని చేర్చారు. గీతలు గీసిన వారికి, ఆ గీతలకు అటూ ఇటూ మిగిలిపోయే పిల్లలు గుర్తున్నారన్నమాట. ఆచరణ వేరుగా ఉంది. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం తప్పనిసరి భాష అయింది. ఏటా ఒక్కొక్క తరగతికి విస్తరిస్తూ 2015-16 నాటికి అది పదవ తరగతికి చేరింది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు, కన్నడ, ఉర్దూ విద్యార్థులు పదవ తరగతి పరీక్షలకు ముందు న్యాయస్థానాలను ఆశ్రయించి మినహాయింపులు పొందవలసి వచ్చింది. కర్ణాటకలో, ఒడిశాలో, మహారాష్ట్రలో సైతం తెలుగు ఉపాధ్యాయుల ఖాళీల గురించీ, వేళకు అందని పుస్తకాల గురించీ వినిపించే మొర పాతదే.

ఉన్న రాష్ట్రపు భాషను నేర్వడం భారం కాదు. అది పిల్లవాడికి ఉద్యోగం, గౌరవం, స్నేహం ఇచ్చే హక్కు. సోలాపురంలో మరాఠీ రాని తెలుగు చేనేత కుటుంబం నెగ్గుకు రాలేదు. బరంపురంలో ఒడియా రాని వర్తకుడు నిలువలేడు. అభ్యంతరం నేర్పడం మీద కాదు, తుడిచివేయడం మీద. తన ఇంటి మాటకు బడిలో చోటు లేదని తెలిసిన పిల్లవాడు రెండు రకాలుగా మారతాడు. ఇంటిని చూసి సిగ్గుపడతాడు, లేదా బయటివారిని చూసి కోపం పెంచుకుంటాడు. ఆ రెండింటిలో దేని నుంచీ కరుణ పుట్టదు.

నడచుకోవడం: ముర్కి చేసిన హెచ్చరిక

మూడవ భాగం అన్నిటికంటె కఠినమైనది. 2018 జూలై 13న హైదరాబాదు నుంచి కారులో వెళ్లిన కొందరు మిత్రులు కర్ణాటకలోని బీదరు జిల్లాలో ఒక ఊరి వద్ద ఆగి, బడి పిల్లలకు చాక్లెట్లు ఇవ్వబోయారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు ఆ రోజుల్లో వాట్సాప్‌లో ఊరూరా తిరుగుతోంది. ఊరివారు అనుమానించారు. కారు కదిలేసరికి సందేశం వారికంటె ముందే ముర్కి గ్రామానికి చేరింది. అక్కడ దారి మూసి గుంపు వారిపై దాడి చేసింది. ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ప్రాణాలు కోల్పోయాడు, మిగిలినవారు గాయపడ్డారు. తరువాత 30 మందికి పైగా అరెస్టయ్యారు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి మించి పంపడానికి వీలు లేకుండా పరిమితి విధించింది.

ఆ గుంపులో ఉన్నవారు పుట్టుకతో హంతకులు కారు. పిల్లల మీది ప్రేమతోనే, వారిని కాపాడుతున్నామన్న నమ్మకంతోనే వారు పరుగెత్తి ఉంటారు. ప్రేమ ఉన్నా విచక్షణ లేకపోతే ఎంత ఘోరం జరుగుతుందో ముర్కి చెప్పింది. కాబట్టి దయ మాత్రమే బోధిస్తే చాలదు. విన్నది నిజమా అని విచారించే అలవాటును కూడా బోధించాలి. ఈ సందేశం ఎవరు పంపారు? ఫోటో ఎక్కడిది, ఏ సంవత్సరానిది? ఇతరులకు పంపితే ఎవరికి హాని? ఈ మూడు ప్రశ్నలు ఏడవ తరగతి పిల్లవాడు అడగగలడు, ఇంట్లో పెద్దల చేత కూడా అడిగించగలడు. నేడు సరిహద్దు పల్లెలో రెండు మూడు భాషలు చదవగల పిల్లవాడు, పుకారును ఒక భాష నుంచి మరొక భాషలోకి దాటించగల వంతెన కూడా అవుతాడు. ఆ వంతెన మీద ఏది దాటనివ్వాలో అతనికి నేర్పవలసిన బాధ్యత పెద్దలది.

తనకు మాలిన ధర్మమా?

చాలామంది తల్లిదండ్రులకు ఒక సందేహం కలుగుతుంది. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్నారు కదా. మా పిల్లవాడికి మార్కులు, ఉద్యోగం ముఖ్యం గాని ప్రపంచంతో ఏం పని? ఇది తోసిపుచ్చవలసిన ప్రశ్న కాదు. అయితే పల్లె పిలవకపోయినా ప్రపంచం పల్లెకు వస్తూనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు బతుకుతెరువు కోసం గుజరాత్ పడవల్లో పనికి వెళ్లి, 2018 నవంబరులో పాకిస్తాన్ జలాల్లోకి ప్రవేశించారన్న ఆరోపణపై నిర్బంధానికి గురయ్యారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా తిరిగి వచ్చారు. కడప, నిజామాబాదు, కరీంనగర్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాల సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ వారు కోరుకునేది ఏమిటి? పరాయి నేలమీద తమను మనుషులుగా చూడాలనే. ఆ చూపును తమ ఊరికి వచ్చిన పరాయివారికి ఇవ్వడం తనకు మాలిన ధర్మం ఎలా అవుతుంది?

దేశభక్తి పలచబడుతుందేమోనన్న శంక కూడా కొందరికి ఉంది. దానికి సోలాపురంలోనే సమాధానం దొరుకుతుంది. 1910లో ఆ ఊరిలో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్, జపాను దాడికి గురైన చైనాకు సహాయంగా 1938లో భారత జాతీయ కాంగ్రెస్ పంపిన ఐదుగురు వైద్యుల బృందంలో వెళ్లారు. గాయపడిన సైనికులకు చికిత్స చేస్తూ 1942 డిసెంబరు 9న, 32 ఏళ్లకే అక్కడ మరణించారు. ఆయన బయలుదేరిన నాటికి సొంత దేశానికే స్వాతంత్ర్యం లేదు. అయినా ఆ ప్రయాణం దేశద్రోహం అని ఎవరూ అనలేదు. ప్రతి ఉదయం బడుల్లో చదివే ప్రతిజ్ఞ కూడా తెలుగునేల మీద పుట్టినదే. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు దానిని తెలుగులో రచించారు. దేశం మీది ప్రేమను, తోటివారితో మర్యాదను ఆయన ఒకే ప్రతిజ్ఞలో చేర్చారు. ఆ రెండింటికీ వైరం లేదు.

ఐరోపాలో ఇంకొక ఉదాహరణ ఉంది. 1870 మొదలుకొని మూడు పెద్ద యుద్ధాల్లో ఒకరినొకరు చంపుకున్న ఫ్రాన్స్, జర్మనీలు 1963 జనవరి 22న మైత్రీ ఒప్పందం చేసుకున్నాయి. పాలకుల సంతకాలతో ఆగకుండా, అదే ఏడాది యువతీయువకుల పరస్పర సందర్శనల కోసం ఒక ఉమ్మడి కార్యాలయాన్ని ఏర్పాటు చేశాయి. 2003లో రెండు దేశాల విద్యార్థులు సమావేశమై, మాకు ఒకే చరిత్ర పుస్తకం కావాలని అడిగారు. 2006లో ఆ పుస్తకపు మొదటి సంపుటి ఒకే విషయంతో రెండు భాషల్లో వెలువడింది. రక్తం పారిన సరిహద్దులో సాధ్యమైనది, అంతటి వైరం లేని మన సరిహద్దుల్లో అసాధ్యం ఎందుకవుతుంది?

చేయదగిన పనులు

ఇందుకు పెద్ద నిధులు అక్కరలేదు. సరిహద్దు పాఠశాలలో రాష్ట్ర పటం పక్కన నది పటాన్ని వేలాడదీయవచ్చు. తుంగభద్ర కావచ్చు, పాలారు కావచ్చు, వంశధార కావచ్చు. పుట్టుక నుంచి సముద్రం దాకా గీసిన ఆ పటంలో తమ ఊరు ఎక్కడుందో పిల్లలే గుర్తించాలి. నెలకొకసారి రెండు భాషల్లో గోడపత్రిక వ్రాయించవచ్చు. ఒకవైపు తెలుగు, మరొకవైపు కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో ఉండాలి. ఒక భాషలో వ్రాసిన పిల్లవాడి మాటను మరొక భాష పిల్లవాడు అనువదించాలి. ఏడాదికొకసారి సరిహద్దుకు అవతలి బడితో కలిసి ఒక రోజు గడపవచ్చు. ఆటలు, భోజనం, ఊరి చెరువు శుభ్రం చేయడం ఆ రోజు కార్యక్రమాలు కావచ్చు. వలస కూలీల పిల్లలు వచ్చిన ఊరిలో, వారి భాషలో పది మాటలు నేర్చుకొని పలకరించడం పిల్లలకు మొదటి అభ్యాసం కావాలి. వారిని బడిలో చేర్పించడం పెద్దల బాధ్యత.

వీటికి మార్కులు వేయకపోవడమే మేలు. దయకు పదికి ఎన్ని మార్కులని వేస్తే, దయ కూడా బట్టీ పట్టే విషయమైపోతుంది.

ప్రభుత్వాలు చేయవలసినవి కూడా స్పష్టంగానే ఉన్నాయి. అల్పసంఖ్యాక భాషా పాఠశాలల్లో ఉపాధ్యాయ ఖాళీలు నింపడం, పుస్తకాలు వేసవి సెలవులు ముగిసేలోపు చేర్చడం, మాతృభాషను రాష్ట్ర భాష పక్కన ఐచ్ఛికంగానైనా పరీక్షలో నిలపడం వాటిలో ముఖ్యమైనవి. కనీసం ఐదవ తరగతి వరకు, వీలైతే ఎనిమిదవ తరగతి వరకు ఇంటి భాషలో బోధించాలని 2020 విధానమే చెబుతోంది. ఆ మాట సరిహద్దు గ్రామాల్లో నిలబడినప్పుడే విశ్వపౌరసత్వం గురించిన మాటకు విలువ వస్తుంది.

ఇక మిగిలినది ఇల్లు. రాత్రి భోజనాల దగ్గర అవతలి రాష్ట్రం వారి గురించి, వేరొక కులం, మతం, భాష వారి గురించి పెద్దలు అలవోకగా అనే మాటలు పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. బడిలో ఆరు గంటలు చెప్పిన పాఠాన్ని ఆ ఒక్క మాట చెరిపివేయగలదు. మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లలను హెచ్చరించే పెద్దలు, ఆ మొక్కకు తాము పోస్తున్న నీరు ఎటువంటిదో చూసుకోవాలి.

2020లో వేలూరు దారుల మీద లేచిన గోడలు ఇప్పుడు లేవు. పాల బండ్లు, రోగులు, చుట్టాలు ఎప్పటిలాగే అటూ ఇటూ వెళుతున్నారు. ఆ నాడు గోడను చూసిన పిల్లలు కొందరు ఇప్పటికే కళాశాలల్లో ఉన్నారు. కొన్నేళ్లలో వారే ఇంజనీర్లు, నర్సులు, పోలీసులు, అధికారులు అవుతారు. మరొక ఆపద రాకపోదు. ఆ రోజు సరిహద్దు దగ్గర అంబులెన్సు ఆగినప్పుడు, దానిని పంపాలో వద్దో తేల్చే కుర్చీలో వారిలో ఒకరు కూర్చుని ఉండవచ్చు. ఆ ఒక్కరి నిర్ణయం ఎలా ఉండాలన్నదే ఈ రోజు సరిహద్దు బడి ముందు, సరిహద్దు ఇంటి ముందు ఉన్న పని.